పెన్‌డ్రైవ్‌కు లేని అభ్యంతరం నెట్‌వర్క్ ఫోల్డర్‌కు దేనికి?

లినక్స్ ఉన్న కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెడితే రెండు క్షణాల్లో దాని బొమ్మ తెర మీదికి వచ్చేస్తుంది. ఆ కంప్యూటర్ మీద మీకు ఏ అధికారమూ ఉండనక్కర్లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరూ అడగరు. ఆ పెన్‌డ్రైవ్ ఎవరిది, నిన్న ఏ నెట్ సెంటర్‌లో తిరిగొచ్చింది, లోపల ఏముంది అన్న ఆరా కూడా ఉండదు. అదే కంప్యూటర్ నుంచి పక్కగది సర్వర్‌లో ఉన్న ఫోల్డర్‌ను, అదీ మీ పేరు మీద మీకే కేటాయించిన ఫోల్డర్‌ను, మౌంట్ కమాండ్‌తో తగిలించుకోబోతే మాత్రం ‘ఈ పని రూట్ ఒక్కడే చెయ్యాలి’ అని మొహం మీదే చెప్పేస్తుంది. రూట్ అంటే ఆ కంప్యూటర్ మీద సర్వాధికారాలూ ఉన్న అడ్మిన్ ఖాతా. ఊరూ పేరూ తెలియని డిస్కును రానిచ్చి, పేరూ పాస్‌వర్డూ చెప్పుకుని వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టడం విడ్డూరమే. ఈ నిబంధన పుట్టినప్పుడు దానికి గట్టి కారణమే ఉంది. ఆ కారణంలో ఇప్పటికీ నిలిచేది ఎంత, అలవాటుగా మోసుకొస్తున్నది ఎంత అన్నది విడదీసి చూస్తే, మామూలు వినియోగదారుకు నెట్‌వర్క్ ఫోల్డర్ మౌంట్ చేసుకునే వీలు ఇవ్వాలనే తేలుతుంది. కాకపోతే ఆ వీలు ఏ కొలతలో ఇవ్వాలో తెలిసి ఇవ్వాలి.

నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అంటే పెద్ద విషయమేం కాదు. ఫైలు ఉండేది వేరే కంప్యూటర్‌లో. మన కంప్యూటర్‌లోని ఒక ఖాళీ ఫోల్డర్‌కు దాన్ని జోడిస్తాం. ఆ తర్వాత ఎక్సెల్ షీట్ తెరిచినా, ఫొటో చూసినా, పేరు మార్చినా అంతా సొంత డిస్కులో ఉన్నట్టే జరిగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఫైలుకు ఇంకో కాపీ పుడుతుంది. ఇక్కడ కాపీ పుట్టదు, అందరూ చూసేది ఒకే ఫైలును. విండోస్‌లో జెడ్ డ్రైవ్ అనో, నెట్‌వర్క్ డ్రైవ్ అనో కనిపించేది ఇదే. దీని వెనక ఉన్న ఎస్‌ఎమ్‌బీ పద్ధతిని 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ మొదలుపెట్టారు. యూనిక్స్ లోకానికి సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్‌ను తెచ్చింది. ఈ రెండు లోకాలనూ కలుపుతూ 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబా ఇవాళ చిన్న ఆఫీసుల సర్వర్లలో ఎక్కువగా కనిపిస్తుంది. విండోస్‌లో నెట్‌వర్క్ డ్రైవ్ తగిలించుకోవడానికి అడ్మిన్ అనుమతి అక్కర్లేదని కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. పేచీ అంతా యూనిక్స్ వారసత్వానిదే.

ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ల కోసం జోగులాంబ గద్వాల జిల్లా వడ్డేపల్లి వైపు చూద్దాం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ సీడ్ పత్తికి పేరున్న సీమ. విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. ఏ రైతుకు ఫౌండేషన్ సీడ్ ఎంత ఇచ్చారు, అడ్వాన్సు ఎంత పోయింది, ఎన్ని కిలోల విత్తనం చేతికొచ్చింది, విత్తనాన్ని పెంచి స్వచ్ఛత చూసే జీఓటీ పరీక్షలో లాటు పాసయిందా ఫెయిలయిందా అన్న లెక్కల మీదే రైతుకు రావలసిన డబ్బు ఆధారపడి ఉంటుంది. శాంతినగర్‌లో అలాంటి ఆఫీసు ఒకటి ఉందనుకోండి, అందులో మూడు కంప్యూటర్లు. షీట్ ఒకటే, దాని మీద పనిచేసేవాళ్లు ముగ్గురు. నెట్‌వర్క్ ఫోల్డర్ లేకపోతే ఆ షీట్ పెన్‌డ్రైవ్‌లో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరుగుతుంది. నెల తిరక్కుండా ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ కొత్తది’ అని మూడు పేర్లతో మూడు షీట్లు తయారవుతాయి. జీఓటీలో ఫెయిలైన లాటు ఒకదాంట్లో ఎర్రరంగులో ఉంటుంది, ఇంకోదాంట్లో ఇంకా పెండింగ్ అనే ఉంటుంది. అప్పుడు ఏది నిజమన్నది కంప్యూటర్ చెప్పలేదు, ముగ్గురిలో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లది నిలుస్తుంది. మనదగ్గర లినక్స్ ఎక్కడుంది అంటారా? ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద జిల్లా కోర్టుల నుంచి కింది కోర్టుల దాకా ఉబుంటు వాడకం వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్‌ను తయారుచేసి విద్యార్థులలోకి తీసుకెళ్లింది. లైసెన్సు డబ్బులు మిగుల్చుకోవాలనుకునే చిన్న ఆఫీసుకైనా, పాత కంప్యూటర్లతో నెట్టుకొచ్చే కాలేజీ ల్యాబుకైనా ఇది ఎదురయ్యే ప్రశ్నే.

రూట్ తప్ప ఎవరూ మౌంట్ చెయ్యకూడదన్న కట్టుబాటు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఒకే కంప్యూటర్ మీద పదుల మంది పనిచేసిన రోజుల నుంచి. ఆ యూనిక్స్‌లో ఫోల్డర్ల చెట్టు అందరికీ ఒక్కటే. అందులో ఒకరు ఏదైనా తగిలిస్తే అందరికీ అదే కనిపిస్తుంది. పాస్‌వర్డ్ ఫైలు ఉండే ఈటీసీ ఫోల్డర్ మీద ఎవరో తమ ఫోల్డర్ తెచ్చి మౌంట్ చేశారంటే, ఇక ఆ కంప్యూటర్‌కు వాళ్లు చెప్పిందే వేదం. ఇంకో ప్రమాదం సెట్‌యూఐడీ ప్రోగ్రాములది. ఎవరు నడిపినా సరే, యజమాని అధికారంతో నడిచే ప్రోగ్రాములవి. నా సొంత సర్వర్‌లో రూట్ పేరుతో అలాంటి ప్రోగ్రాము ఒకటి పెట్టుకుని, దాన్ని కాలేజీ కంప్యూటర్‌లో మౌంట్ చేసి నడిపితే, ఆ కాలేజీ కంప్యూటర్‌కు నేనే రూట్ అయిపోతాను. మూడోది డివైస్ ఫైళ్లు. హార్డ్ డిస్కునే నేరుగా చదవనిచ్చే ఫైలును బయట తయారుచేసి లోపలికి తెచ్చుకుంటే, ఫైళ్లకు పెట్టిన అనుమతులన్నీ నీటిమీద రాతలే. ఈ మూడూ నిజమైన భయాలే, కొట్టిపారేసేవి కావు.

కానీ జాగ్రత్తగా చూడండి, వీటిలో ఒక్కటీ ‘నెట్‌వర్క్‌లో ఉన్న ఫైలు చదవడం’ అనే పనికి సంబంధించినది కాదు. మౌంట్ అనే ఒక్క కమాండ్‌లో మూడు వేర్వేరు అధికారాలు ముద్దగా కలిసిపోయి ఉన్నాయి. ఎక్కడ తగిలించాలి, తగిలించినదానికి ఏ శక్తులు ఉండాలి, అది ఎవరికి కనిపించాలి అన్నవి ఆ మూడు. ఆర్డీఎస్ కాలువ కింద పొలం ఉన్న రైతు తన తూము తాను ఎత్తుకుంటాడు, అంతమాత్రాన రాజోలిబండ ఆనకట్ట దగ్గర నీటి పంపకం అతని చేతికి రాదు. ఇక్కడ చేసిన పొరపాటల్లా ఆనకట్టకూ తూముకూ ఒకే తాళం వేసి, ఆ తాళంచెవిని రూట్‌కు అప్పజెప్పడం. ఈ సంగతి లినక్స్ తయారుచేసినవాళ్లకు తెలియక కాదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో ఒక వరుస రాసి, దాని పక్కన ‘యూజర్’ అన్న మాట చేరిస్తే, ఆ ఒక్క ఫోల్డర్‌ను మామూలు వినియోగదారు కూడా మౌంట్ చేసుకోవచ్చు. ఆ మాటతోపాటే నోసూయిడ్, నోడెవ్, నోఎగ్జెక్ అనే మూడు నిషేధాలు వాటంతటవే వచ్చి చేరతాయి. సెట్‌యూఐడీ పనిచెయ్యదు, డివైస్ ఫైళ్లు పనిచెయ్యవు, అసలు అక్కడి నుంచి ఏ ప్రోగ్రామూ నేరుగా నడవదు. ఏ సర్వర్, ఏ ఫోల్డర్, ఎక్కడ తగలాలి అన్నది అడ్మిన్ ముందే రాసిపెట్టాడు. ఎప్పుడు తగిలించాలన్నదే వినియోగదారు నిర్ణయం. పైన చెప్పిన మూడు భయాలకూ ఈ ఒక్క వరుసలోనే సమాధానం ఉంది.

పెన్‌డ్రైవ్ సంగతికి మళ్లీ వస్తే, నోసూయిడ్, నోడెవ్ నిషేధాలు పెట్టి లినక్స్ డెస్క్‌టాప్ దాన్ని ఎవరి చేతికైనా ఇస్తోంది. అంటే సూత్రం ఒప్పేసుకున్నట్టే. నిజానికి రెండింటిలో ఎక్కువ ప్రమాదం పెన్‌డ్రైవ్‌దే. డిస్కు మీద ఫైళ్లు ఎలా పేర్చి ఉన్నాయో చదివే కోడ్ కెర్నల్ లోపల, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలో నడుస్తుంది. కావాలని వంకరగా తయారుచేసిన డిస్కు ఆ కోడ్‌ను తికమకపెట్టి కంప్యూటర్‌నే పడగొట్టగలదు, ఒక్కోసారి చేజిక్కించుకోగలదు. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ పురుగు పెన్‌డ్రైవ్‌ల మీద ఎక్కి తిరిగింది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ ఇంటర్నెట్ లేని కంప్యూటర్లలోకి కూడా పెన్‌డ్రైవ్ దారినే వెళ్లింది. సర్వర్‌లో ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తెరిచారో రాసిపెట్టుకోవచ్చు. జేబులో వెళ్లిపోయిన పెన్‌డ్రైవ్‌కు లెక్కాపత్రం ఏదీ? నెట్‌వర్క్ మౌంట్‌ను నిషేధిస్తే ఫైలు పంచుకోవాలన్న అవసరం పోదు. అది ఈ జేబుదారి పడుతుంది, అంతే.

ఇక్కడ ఎన్‌ఎఫ్‌ఎస్ గురించి కాస్త ఆగి చెప్పాలి. రూట్ నిబంధనను సమర్థించేవాళ్లు ఎక్కువగా చూపించేది దాన్నే, ఆ నిబంధన ఎంత డొల్లదో బాగా తెలిసేదీ దానితోనే. పాత పద్ధతి ఎన్‌ఎఫ్‌ఎస్‌లో వినియోగదారు పేరూ పాస్‌వర్డూ సర్వర్‌కు అసలు వెళ్లవు. ‘నేను ఫలానా నంబరు మనిషిని’ అని క్లయింట్ కంప్యూటర్ చెబుతుంది, సర్వర్ నమ్ముతుంది. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటంటే, 1024 కంటే తక్కువ నంబరున్న పోర్టు నుంచి మాట్లాడటం రూట్‌కే సాధ్యం, రూట్ అంటే మన అడ్మినే కదా అన్న ధీమా. యంత్రాలన్నీ ఒక సంస్థవే అయి, వాటి రూట్ పాస్‌వర్డ్‌లన్నీ ఒకరి చేతిలోనే ఉన్న కాలంలో ఆ ధీమా సరిపోయింది. ఇవాళ ప్రతి విద్యార్థీ తన ల్యాప్‌టాప్‌కు తానే రూట్. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఆర్‌జీయూకేటీని గుర్తుచేసుకోండి. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లల్ని చేర్చుకుని ప్రతి ఒక్కరికీ ల్యాప్‌టాప్ ఇచ్చిన సంస్థ అది. అలాంటి క్యాంపస్‌లో అందరూ ఉబుంటు వేసుకున్నారనుకుందాం. ఉబుంటులో మొదటి వినియోగదారుకు వచ్చే నంబరు 1000. అంటే పాత ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ కంటికి ఆ క్యాంపస్‌లో వేలమంది విద్యార్థులు లేరు, 1000 నంబరున్న మనిషి ఒక్కడే ఉన్నాడు! ఒకరి ప్రాజెక్టు రిపోర్టును ఇంకొకరు చెరిపేసినా సర్వర్‌కు తేడా తెలియదు. ‘మౌంట్ రూట్ మాత్రమే చెయ్యాలి’ అన్న నిబంధన ఇక్కడ ఎవరినీ ఆపలేదు, ఎందుకంటే అందరూ రూట్‌లే. కాపాడాల్సింది మౌంట్ కమాండ్‌ను కాదు, సర్వర్ దగ్గర మనిషిని గుర్తుపట్టే పద్ధతిని.

ఈ మర్మాన్ని చాలా ముందే పట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆర్‌జీయూకేటీ మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి 1969 నుంచి పనిచేస్తున్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే, 1980ల తొలినాళ్లలో ఆండ్రూ ప్రాజెక్టులో భాగంగా ఏఎఫ్‌ఎస్ అనే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ పుట్టింది. అది ఆయన కట్టిందని కాదు, దాని ప్రధాన రూపకర్తల్లో ఒకరు మహదేవ్ సత్యనారాయణన్. క్యాంపస్‌లో వేల కంప్యూటర్లు వస్తాయి, వాటిలో దేన్నీ నమ్మలేం అన్న అంచనాతోనే వాళ్లు మొదలుపెట్టారు. కాబట్టి నమ్మకం అంతా సర్వర్ వైపే పెట్టారు. వినియోగదారు పాస్‌వర్డ్‌తో కొద్ది గంటలు చెల్లే ఒక టికెట్ తీసుకుంటాడు. ఆ టికెట్ ఉన్నంతసేపే అతని ఫోల్డర్ తెరుచుకుంటుంది. తన ఫోల్డర్‌ను ఎవరు చదవాలి, ఎవరు రాయాలి అన్నది కూడా అడ్మిన్‌ను అడగకుండా తానే నిర్ణయించుకుంటాడు. ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్ కూడా ఇలాంటి టికెట్లే ఇచ్చే కెర్బరోస్ దారి పట్టింది.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ వరుస ఒక మార్గమైతే, రెండో మార్గం ఫ్యూజ్. 2005లో లినక్స్ 2.6.14 వెర్షన్‌లో ఇది అసలు కెర్నల్‌లో చేరింది, దీన్ని తెచ్చింది మిక్లోష్ సెరెడి. ఫైల్ సిస్టమ్ కోడ్‌ను కెర్నల్‌లో కాకుండా వినియోగదారు సొంత ప్రోగ్రాముగా నడపడం దీని కిటుకు. దీని మీద నడిచే ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్‌తో, లాగిన్ అయ్యే హక్కున్న ఏ సర్వర్‌లోని ఫోల్డర్‌నైనా రూట్ ప్రమేయం లేకుండా తగిలించుకోవచ్చు. పైగా ఇలా తగిలించిన ఫోల్డర్ తగిలించినవాళ్లకే కనిపిస్తుంది. మామూలు అమరికలో రూట్ వెళ్లి చూడబోయినా ‘అనుమతి లేదు’ అనే వస్తుంది! సర్వాధికారిని కూడా ఆపడం వింతగా అనిపిస్తుంది గానీ, అది రూట్ మేలు కోసమే. ఫైలు అడిగితే ఎప్పటికీ జవాబివ్వని మాయ ఫోల్డర్‌ను ఎవరైనా తయారుచేసి పెడితే, రాత్రిపూట రూట్ పేరుతో నడిచే బ్యాకప్ ప్రోగ్రాము అందులోకి వెళ్లి అక్కడే ఇరుక్కుపోకూడదు కదా. విండోస్‌లో కూడా దీనికి దగ్గరి పోలిక ఉంది. మీరు తగిలించిన జెడ్ డ్రైవ్ మీ లాగిన్‌కే పరిమితం. అదే కంప్యూటర్‌లో అడ్మిన్ హోదాతో తెరిచిన కమాండ్ విండోకు మామూలుగా అది కనిపించదు.

ఇక అభ్యంతరాలు. అన్నింటికంటే బరువైనది భద్రతా నిపుణులది. మామూలు వినియోగదారు చేత మౌంట్ చేయించాలంటే మధ్యలో రూట్ అధికారంతో నడిచే చిన్న సహాయక ప్రోగ్రాము ఒకటి ఉండాలి, అందులో తప్పు దొర్లితే మొత్తం కంప్యూటర్ పోతుంది అంటారు. నిజమే. విండోస్ ఫోల్డర్లను తగిలించే మౌంట్.సిఫ్స్ ప్రోగ్రాములో 2010 ప్రాంతంలో సరిగ్గా అలాంటి తప్పే బయటపడింది. ఆ ప్రోగ్రాము ముందు ఆ ఫోల్డర్ మీ సొంతమేనా అని తనిఖీ చేస్తుంది, తర్వాత మౌంట్ చేస్తుంది. ఈ రెంటి నడుమ ఉన్న క్షణంలో ఫోల్డర్‌ను మార్చేసి, ముట్టుకోకూడని చోట మౌంట్ చేయించవచ్చని తేలింది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లయితే 2016లో మామూలు వినియోగదారు మౌంట్ చేసే సౌకర్యాన్నే పీకి పక్కన పెట్టారు. ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేం. కానీ అది ఏ మార్గానికి వర్తిస్తుందో చూడాలి. కెర్నల్‌లో నడిచే ప్రతి రకం ఫైల్ సిస్టమ్‌నూ అందరికీ ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో అడ్మిన్ రాసిపెట్టిన వరుసల వరకో, ఫ్యూజ్ వరకో ఇస్తే చాలు. ఫ్యూజ్‌కు కూడా అలాంటి సహాయక ప్రోగ్రాము ఉంది, దాంట్లోనూ తప్పులు దొరక్కపోలేదు. అయినా కొత్తగా రాసే ప్రతి నెట్‌వర్క్ పద్ధతికీ ఒక రూట్ ప్రోగ్రాము పెట్టడం కంటే, అన్నింటికీ కలిపి ఒక చిన్న ప్రోగ్రాము మీద కళ్లు పెట్టుకోవడం మేలు. దాన్ని కూడా తగ్గించే దారి పడుతోంది. 2018 ఆగస్టులో వచ్చిన లినక్స్ 4.18 నుంచి, వినియోగదారు తనకోసం వేరుగా తెరుచుకున్న నేమ్‌స్పేస్ లోపల ఫ్యూజ్‌ను నేరుగా మౌంట్ చేసుకోవచ్చు. ఎవరి ఫోల్డర్ల చెట్టు వాళ్లకు వేరుగా ఉండాలన్న ఈ ఆలోచన బెల్ ల్యాబ్స్ వాళ్ల ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎప్పుడో ఉన్నదే.

రెండో అభ్యంతరం ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగే రాన్సమ్‌వేర్. 2017 మే 12న మొదలైన వన్నాక్రై ప్రపంచమంతటినీ కుదిపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎమ్‌బీ దారినే వచ్చింది కాబట్టి, నెట్‌వర్క్ ఫోల్డర్లంటేనే భయం పట్టుకుంది. అయితే వన్నాక్రైకి ఎవరూ ఏదీ మౌంట్ చెయ్యనక్కర్లేకపోయింది. పాతబడిన ఎస్‌ఎమ్‌బీ మొదటి వెర్షన్‌లోని లోపం గుండా తానే దూరింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి నెలలోనే మందు విడుదల చేసింది, వేసుకోని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. మౌంట్ అనుమతికీ దానికీ ముడిపెట్టడం కుదరదు. కానీ ఇందులో ఒక నిజం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఒక కంప్యూటర్‌లోకి రాన్సమ్‌వేర్ చొరబడితే, ఆ సమయానికి అక్కడ తగిలించి ఉన్న, రాసే హక్కున్న ప్రతి ఫోల్డర్‌నూ అది పాడుచేస్తుంది. సీడ్ ఆఫీసులో ముగ్గురికీ రాసే హక్కు ఉంటే, ఒకరి తప్పు ముగ్గురి లెక్కలనూ ముంచుతుంది. దీనికి మందు మౌంట్ నిషేధం కాదు. చూడటం వరకే పని ఉన్నవాళ్లకు చదివే హక్కే ఇవ్వాలి, సర్వర్‌లో క్లయింట్లకు అందని చోట రోజువారీ బ్యాకప్ ఉండాలి. పెన్‌డ్రైవ్‌ల ఆఫీసులో ఈ రెండూ అసాధ్యం.

ఇవన్నీ ఎందుకు, అడ్మినే అందరికీ ముందే మౌంట్ చేసి పెడితే పోలేదా అని అడుగుతారు. ఆటోఎఫ్‌ఎస్ లాంటివి ఉన్నాయి, ఫోల్డర్ తెరవగానే తగిలించి, కాసేపు వాడకపోతే తీసేస్తాయి. అడ్మిన్ రోజూ పక్కనే ఉండే సంస్థల్లో ఇది చక్కటి పద్ధతే. వడ్డేపల్లి లాంటి చోట ఆ మనిషి గద్వాల నుంచో కర్నూలు నుంచో రావాలి. సర్వర్ చిరునామా మారినా, కొత్త ఉద్యోగి చేరినా అతను వచ్చేదాకా పని ఆగుతుంది. ఒకటి రెండుసార్లు ఆగాక జరిగేది ఒకటే, అడ్మిన్ పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పించుకుని మానిటర్ అంచుకు అంటిస్తారు. మామూలు వినియోగదారుకు గోరంత అధికారం ఇవ్వనన్న నిబంధన చివరికి ఆఫీసులో అందరినీ రూట్ చేసి కూర్చుంటుంది. ఇంకో తిరకాసూ ఉంది. అడ్మిన్ ముందే మౌంట్ చెయ్యాలంటే వినియోగదారు పాస్‌వర్డ్ ఎక్కడో రాసి ఉంచాలి. తెలియనివాళ్లు దాన్ని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోనే రాసేస్తారు, ఆ ఫైలును కంప్యూటర్ వాడే ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఎవరి ఫోల్డర్ వాళ్లే తగిలించుకుంటే పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటుంది.

మిగిలింది కరెంటు సంగతి. ఎన్‌ఎఫ్‌ఎస్‌ను మామూలుగా మౌంట్ చేస్తే, కరెంటు పోయి సర్వర్ ఆగిపోయినప్పుడు ఆ ఫోల్డర్‌ను ముట్టుకున్న ప్రోగ్రాము సర్వర్ మళ్లీ వచ్చేదాకా బిగుసుకుపోతుంది. రాస్తున్న ఫైలు సగంలో పాడవకూడదని కావాలనే అలా పెట్టారు, కానీ కుర్చీలో ఉన్న మనిషికి కంప్యూటర్ చచ్చినట్టే కనిపిస్తుంది. వినియోగదారు తానే తగిలించిన ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ అయితే, దాన్ని నడిపే ప్రోగ్రాము అతనిదే కాబట్టి ఆపేసి మళ్లీ తగిలించుకోగలడు. వేగం మాత్రం కెర్నల్‌లో నడిచేవాటి కంటే తక్కువ. వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోకు అది చాలదు, వాళ్లు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ వరుసల దారి పట్టాల్సిందే. రైతుల అడ్వాన్సుల షీట్‌కూ, కాలేజీ రికార్డులకూ, స్కాన్ చేసిన పాసు పుస్తకాలకూ ఆ వేగం సరిపోతుంది. ఇన్‌వర్టర్ కొనేటప్పుడు మాత్రం మొదటి తీగ సర్వర్‌కూ నెట్‌వర్క్ స్విచ్‌కూ వెయ్యాలి, తర్వాతే మానిటర్లకు.